అమ్మకి చెప్పు

“అమ్మకి చెప్పు, టీవీ సౌండు తగ్గించమని.”

ఆ మాట అన్న మనిషి సోఫాకి ఈ చివర కూర్చుని ఉన్నాడు. వినాల్సిన అమ్మ అదే సోఫాకి ఆ చివర కూర్చుని ఉంది. ఇద్దరి మధ్యా ఒక దిండూ, మడత పెట్టాల్సిన బట్టల గుట్టా తప్ప ఇంకేమీ లేవు. చెప్పాల్సిన మనిషి మాత్రం వంటగదిలో ఉంది. సింకు కింద పైపు కారుతుంటే వంగి కూర్చుని గుడ్డ పిండుతోంది. ఆమె లేచి, చేతులు తుడుచుకుని, గుమ్మం దాకా వచ్చి, “అత్తయ్యా, మీ అబ్బాయికి తలనొప్పిగా ఉందట పాపం, కాస్త సౌండు తగ్గిద్దామా?” అంది. అత్తగారు “అయ్యో, నా తండ్రే” అంటూ రిమోటు నొక్కారు. ఆయన ఫోనులోంచి తల ఎత్తలేదు.

తలనొప్పి మాట ఆయన అనలేదు. పాపం అనీ అనలేదు. అవి వంటగదికీ హాలుకీ మధ్య ఉన్న ఆరడుగుల దూరంలో ఆమె తయారుచేసినవి.

పెళ్ళయిన పద్ధెనిమిదేళ్ళుగా ఆమె చేస్తున్న పనుల్లో ఏ లెక్కలోకీ రాని పని ఇదొకటి. గిన్నెలు తోమితే మెరుస్తాయి, కనీసం ఎవరో తోమారని తెలుస్తుంది. మాటలు తోమితే ఎవరికీ తెలియదు, తెలిస్తే తోమినట్టే కాదు. ఆయన “ఇదేం కూర, అమ్మ చేసిందా?” అని కంచం పక్కకి తోస్తే, అత్తగారికి అది “ఇవాళ ఆకలి లేదట” అని చేరేది. అత్తగారు “వాడికి నేనొకదాన్ని ఉన్నానని గుర్తుంటే కదా” అంటే, ఆయనకి అది “అత్తయ్యకి మీతో కాసేపు కూర్చోవాలని ఉందట” అని చేరేది. పదిహేనేళ్ళ కూతురు “నానమ్మని నా గదిలోకి రావద్దని చెప్పు” అంటే అది పరీక్షల కింద మారేది. ఒకరోజు ఆ పిల్లే తల్లిని ఎగాదిగా చూసి, “అమ్మా, నువ్వు ఈ ఇంటికి సెన్సారువి” అంది. ఆ మాటను కూడా ఆమె ఎవరికీ చేరవేయలేదు. అడకత్తెరలో పోకచెక్క అయినా ఒక్కసారి నలిగి ఊరుకుంటుంది. ఈమెకి పూటపూటా అదే పని.

నాలుగేళ్ళ క్రితం ఆయన ఉద్యోగం కోసం ఇల్లంతా ఈ దేశానికి తరలివచ్చింది. అంతకుముందు ఆమె హైస్కూల్లో పదహారేళ్ళు సైన్సు చెప్పింది. యాభై మంది పిల్లల గోల మీదుగా వెనక బెంచీకి వినబడే గొంతు ఆమెది. ఇక్కడికొచ్చాక ఆ గొంతుకి పని పోయింది. బ్యాంకులో, బడిలో, ఆసుపత్రిలో, ఏ కౌంటరు ముందు నిలబడినా ఆయన ముందే చెప్పేవాడు: “నువ్వు మాట్లాడకు, నేను మాట్లాడతాను. నీ ఉచ్చారణ వింటే నవ్వుతారు.” ఎవరూ నవ్వలేదు, నవ్వడానికి ఆమె ఎవరికీ అవకాశమే ఇవ్వలేదు. ఒక దరఖాస్తులో ఆమె వృత్తి అని ఉన్న గడిలో ఆయన ‘ఏమీ లేదు’ అని రాస్తుంటే ఆమె పక్కన నిలబడి చూసింది. ఇంటికొచ్చాక ఆ రెండు ముక్కలూ నాలుగు రోజుల పాటు కళ్ళ ముందే ఉన్నాయి.

ఆ కొత్తల్లోనే ఒకనాడు కింద ఫ్లాటు ఆవిడ తలుపు తట్టింది. పొద్దున్న ఆరింటికి మీరు కుర్చీలు లాగుతున్నారు, నాకు నిద్ర చెడుతోంది, లాగకండి అని చెప్పి, నవ్వి, వెళ్ళిపోయింది. ముఖం మీదే అంత మాట ఎవరూ అనగా ఆమె ఎప్పుడూ వినలేదు. సిగ్గుతో ఒళ్ళు కాలిపోయింది. కుర్చీ కాళ్ళన్నిటికీ పాత మేజోళ్ళు తొడిగింది. రెండు రోజులు ఇంట్లో అందరినీ మునివేళ్ళ మీద నడిపించి, మూడో రోజు ఒక కేకు కొనుక్కుని కిందికి వెళ్ళి, వచ్చీరాని భాషలో క్షమాపణ చెప్పింది. కింద ఫ్లాటు ఆవిడకి అదేమిటో చాలాసేపు అర్థం కాలేదు. “చెప్పాను. మీరు మానేశారు. అయిపోయింది కదా” అంది.

అయిపోవడం! ఆ ఊళ్ళో ఆమెకి అన్నిటికంటే వింతగా తోచింది అదే. ఆమె పెరిగిన ఇంట్లో గానీ, మెట్టిన ఇంట్లో గానీ ఏ మాటా అయిపోయేది కాదు. పదేళ్ళ నాటి మాట పప్పులో రాయిలా ఏదో ఒక భోజనంలో పంటి కింద పడుతూనే ఉండేది. ఇక్కడివాళ్ళు వద్దంటే వద్దు, కావాలంటే కావాలి. మొదట్లో వీళ్ళకి మంచీ మర్యాదా లేదనుకుంది. మెల్లగా వాళ్ళని చూస్తే కొంచెం కుళ్ళుగా కూడా ఉండేది.

పొద్దుటి పూట లైబ్రరీలో భాష నేర్పే తరగతులకి వెళ్ళడం మొదలుపెట్టింది. అత్తగారు “ఈ వయసులో పలకా బలపమా” అని బుగ్గలు నొక్కుకున్నారు. రెండేళ్ళు తిరిగేసరికి ఆమెకి భాష పట్టుబడింది. ఫోనులో అనువాదం చేసే ఒక సంస్థలో ఉద్యోగమూ దొరికింది. ఆసుపత్రుల్లో, బడుల్లో, ఆఫీసుల్లో ఇక్కడి భాష రాని మనవాళ్ళు వచ్చి కూర్చుంటే, ఈమె తన ఇంట్లోంచే రెండు వైపులా మాట అందించాలి. సామాన్ల గదిలో వాషింగ్ మెషీన్ పక్కన చిన్న బల్ల వేసుకుంది. ఆయన దానికి ‘కబుర్ల ఉద్యోగం’ అని పేరు పెట్టాడు.

ఉద్యోగంలో నియమం ఒకటే, కానీ ఆమె ప్రాణానికి అదే గండమైంది. అన్న మాట అన్నట్టు చెప్పాలి. ఏదీ కలపకూడదు, ఏదీ తీయకూడదు. తిడితే తిట్టు చెప్పాలి, ఏడిస్తే ఏమని ఏడ్చారో చెప్పాలి. రెండో నెలలోనే తప్పు చేసింది. బిడ్డను కని పది రోజులైన ఒక అమ్మాయి నర్సు ముందు కూర్చుని ఉంది. పక్కన ఆ అమ్మాయి భర్త “ఒళ్ళు బద్ధకం, పడుకునే ఉంటుంది, బిడ్డ ఏడ్చినా లేవదు” అన్నాడు. ఈమె నోరు అలవాటుగా పని చేసింది. “తను బాగా అలిసిపోతోంది, మాకు కాస్త కష్టంగా ఉంది” అని నర్సుకి చెప్పింది. నర్సు సరేనని రాసుకుని పంపించేసింది.

మూడు రోజుల తర్వాత సూపర్వైజరు పిలిచి ఆ రికార్డింగు వినిపించింది. తెల్లజుట్టు, మెత్తటి గొంతు ఆవిడది. “కష్టంగా ఉందన్న మాట ఆ గదిలో ఎవరన్నారు?” అని అడిగింది. ఆ అమ్మాయి ముందే అలా అంటే బాగుండదనీ, గొడవవుతుందనీ ఈమె ఏదో చెప్పబోయింది. ఆవిడ కోప్పడలేదు. “ఆ ఇంట్లో ఎలా ఉందో తెలుసుకోవడానికే నర్సు వాళ్ళిద్దర్నీ కూర్చోబెట్టింది. మీరు తెలియనివ్వలేదు” అంది. ఇంకోసారి జరిగితే ఉద్యోగం ఉండదని కూడా చెప్పింది, అదే మెత్తటి గొంతుతో. ఆ అమ్మాయి ఏమైందో ఈమెకి తెలియదు, తెలుసుకునే వీలూ లేదు. అప్పటినుంచి బల్ల ముందు కూర్చుంటే నాలుకని కట్టేసుకుని కూర్చునేది. బల్ల దగ్గర నుంచి లేవగానే పాత పని పాతదే.

ఆ పాత పనే ఆపరేషన్ దాకా తెచ్చింది.

అత్తగారి కుడి మోకాలు అరిగిపోయింది. ఆయన పరీక్షల కాగితాలన్నీ పట్టుకుని ఒక్కడే డాక్టరుతో మాట్లాడి వచ్చి, “అమ్మకి చెప్పు, పద్నాలుగో తారీఖు ఆపరేషన్. నాకు ఆ వారమే సెలవు. ఏడుపులూ మొత్తుకోళ్ళూ లేకుండా చూడు” అన్నాడు. అత్తగారికి అది “డాక్టరు ఆపరేషన్ మాట అన్నారట, మీ ఇష్టమేనట, బలవంతం లేదని మీ అబ్బాయి మరీమరీ చెప్పారు” అని చేరింది. అత్తగారు హాయిగా ఊపిరి పీల్చుకుని, “అయితే వద్దని చెప్పు. ఈ కాలితోనే ఈడ్చుకుంటాను గానీ కత్తి పెట్టించుకోను” అన్నారు. ఆయనకి అది “అత్తయ్య ఇంకా ఆలోచిస్తున్నారు, కాస్త ధైర్యం చెబితే సరిపోతుంది” అని చేరింది. “అయితే ఆ ధైర్యమేదో నువ్వే చెప్పు” అన్నాడాయన.

తల్లీ నిశ్చింతగా ఉంది, కొడుకూ నిశ్చింతగా ఉన్నాడు. తారీఖు దగ్గర పడేకొద్దీ ఈమెకి అన్నం సహించలేదు. రోజూ పొద్దున్నే ఇవాళ చెప్పేద్దామనుకునేది. ఆయన ముఖం చూసి ఒకపూట, అత్తగారి ముఖం చూసి ఒకపూట వాయిదా వేసేది. పదకొండున ముగ్గురూ ఆసుపత్రికి బయల్దేరారు. ఆయన వెళుతున్నది సంతకం పెట్టించడానికి. అత్తగారు వెళుతున్నది వద్దని చెప్పడానికి. కారు వెనక సీట్లో కూర్చున్న ఈమెకి ఆ రెండూ తెలుసు.

డాక్టరు నడివయసు ఆడమనిషి. బల్ల మీద ప్లాస్టిక్ మోకాలు బొమ్మ ఉంది, పక్కన బల్లపరుపు స్పీకరు ఫోను. డాక్టరు ఫోను నొక్కబోతుంటే ఆయన ఆపాడు. అనువాదకులెవరూ అక్కర్లేదనీ, తన భార్య చేసేది అచ్చంగా ఆ ఉద్యోగమేననీ చెప్పాడు. అప్పటిదాకా కబుర్లుగా ఉన్నది ఆ గదిలో ఉద్యోగమైపోయింది. డాక్టరు తల అడ్డంగా ఊపింది. “ఇంటివాళ్ళు ఇంటివాళ్ళలాగే కూర్చోవాలి. ఇక్కడ అదే పద్ధతి” అంది.

ఈమె కుర్చీలో కూర్చుని హ్యాండుబ్యాగు ఒళ్ళో పెట్టుకుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. ఫోనులోంచి ఒక పెద్దాయన గొంతు వచ్చింది. తీరిగ్గా, ముక్కుతో మాట్లాడే గొంతు. ఆమె రోజూ చెప్పే మాటలే ఆయన రెండు భాషల్లోనూ చెప్పాడు: “ఈ గదిలో ఎవరు ఏ మాటన్నా రెండో భాషలో చెబుతాను. చెప్పకూడదనుకున్నది దయచేసి అనకండి.” ఆయన, అంటే ఈమె భర్త, ఆ సమయానికి ఆఫీసు మెసేజీ చూసుకుంటున్నాడు.

డాక్టరు మోకాలి బొమ్మ తిప్పి చూపిస్తూ ఏం కోస్తారో, ఏం పెడతారో, ఎన్నాళ్ళు మంచం మీద ఉండాలో చెప్పింది. పెద్దాయన గొంతు ఒక్కటీ పొల్లుపోకుండా అప్పజెప్పింది. ఎముక కోయడం అనే మాట దగ్గర అత్తగారి చెయ్యి కుర్చీ పట్టుకుంది. “మరి సంతకం పెట్టే ముందు మీరేమైనా అడగాలనుకుంటున్నారా?” అని డాక్టరు అడిగింది.

అత్తగారు “సంతకమా?” అనేలోపు ఆయన ఇక్కడి భాషలో అందుకున్నాడు. “మా అమ్మ ప్రతిదానికీ భయపడుతుంది. ఆవిడని అడుగుతూ కూర్చుంటే ఏ పనీ జరగదు. నాకు సెలవు ఈ వారమే. తర్వాత చూసుకోవడానికి నా భార్య ఇంట్లోనే ఉంటుంది, తనకి పెద్ద పనేమీ లేదు.”

పెద్దాయన గొంతు మన భాషలో మొదలైంది. మా అమ్మ ప్రతిదానికీ భయపడుతుంది. ఆవిడని అడుగుతూ కూర్చుంటే ఏ పనీ జరగదు. సెలవు, భార్య, పెద్ద పనేమీ లేకపోవడం, అన్నీ వరసగా, ఉప్పూ కారం లేకుండా వచ్చేశాయి.

ఆయన ముఖం కందిపోయింది. ఫోను వైపు వంగి, ఇక్కడి భాషలోనే, “ఇది ఆవిడకి చెప్పనక్కర్లేదు” అన్నాడు.

“ఇది ఆవిడకి చెప్పనక్కర్లేదు” అంది పెద్దాయన గొంతు మన భాషలో.

“ఏది?” అన్నారు అత్తగారు. గొంతు ఆ మాటని కూడా అటు చేరవేసింది. డాక్టరు కలం పక్కన పెట్టి ఆయన వైపు చూసింది.

అత్తగారు మాత్రం కొడుకు వైపు చూడలేదు. పద్ధెనిమిదేళ్ళ అలవాటు కొద్దీ కోడలి వైపు తిరిగారు. ఆ చూపు ఈమెకి బాగా తెలుసు. వాడన్నదాన్ని మెత్తగా చేసి నా చేతిలో పెట్టు అని ఆ చూపుకి అర్థం. ఈమె నాలుక చివర మాటలు అప్పటికే బారులు తీరాయి. అంటే అత్తయ్యా, ఆయన ఉద్దేశం అది కాదు, మీ మీద బెంగ, ఆఫీసు ఒత్తిడి, పాపం. ఒక్కసారి నోరు తెరిస్తే చాలు, గదంతా చల్లబడుతుంది. ఆ చల్లదనంలోనే అత్తగారు సంతకం కూడా పెట్టేస్తారు. ఎల్లుండి దాటితే కాలు కోస్తారు. ఆ పదిరోజుల బాలింత ముఖం ఎలా ఉంటుందో ఈమె ఎన్నడూ చూడలేదు. అయినా ఆ క్షణంలో ఆ అమ్మాయే కళ్ళముందుకి వచ్చింది.

“ఆయన అన్నది అదే, అత్తయ్యా” అంది.

“మరి నా ఇష్టమేనన్నాడని చెప్పావు?”

“ఆ మాట ఆయన అనలేదు. నేను కల్పించాను. మీరు ససేమిరా వద్దన్నారని ఆయనకీ చెప్పలేదు. ఆలోచిస్తున్నారని చెప్పాను.”

ఆ మాటలన్నీ పెద్దాయన గొంతులో ఇక్కడి భాషలోకి మారి డాక్టరుకి వినిపించాయి. తన తప్పు ఒక పరాయి మగవాడి నోట, ముక్కుతో, తీరిగ్గా బయటికి రావడం ఆమె విన్నది. సిగ్గుతో చచ్చిపోతాననుకుంది. విచిత్రంగా భుజాలు రెండూ తేలికపడ్డాయి. అన్నేళ్ళ నుంచీ అవి బిగుసుకుని ఉన్నాయని కూడా అప్పుడే తెలిసింది.

అత్తగారు కాసేపు చీర అంచు వేలికి చుట్టుకున్నారు. తర్వాత ఫోనుకి కాదు, డాక్టరుకి ఎదురుగా కూర్చుని మాట్లాడారు.

“డాక్టరమ్మా, నొప్పికి భయపడి కాదు. రోజూ నేను కుంటుకుంటూ కింద బెంచీ దాకా వెళ్తాను. అక్కడికి కుక్కని పట్టుకుని ఒకావిడ వస్తుంది. ఆవిడ భాష నాకు రాదు, నాది ఆవిడకి రాదు. అయినా పక్కన కూర్చుంటుంది. ఈ ఊళ్ళో నాకంటూ ఉన్నది ఆవిడొక్కతే. మూడు నెలలు నేను మంచం పడితే ఆవిడ ఇంకెవరి పక్కనో కూర్చుంటుంది. ఇది చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.”

డాక్టరు నవ్వలేదు. ఆ మాటలు పూర్తిగా విని, తొందరేమీ లేదంది. ఆర్నెల్లు వ్యాయామం చేయించి చూడొచ్చనీ, బెంచీ దాకా నడవడం మానొద్దనీ, ఎప్పటికైనా సంతకం పెట్టాల్సింది ఈవిడేననీ చెప్పింది. కాగితాలు తీసి సొరుగులో పెట్టేసింది. పెద్దాయన గొంతు సెలవు తీసుకుంది.

ఇంటికొచ్చాక అత్తగారు వంటగదిలోకి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చున్నారు. స్టూలు కాళ్ళకి మేజోళ్ళున్నాయి కాబట్టి చప్పుడు కాలేదు.

“ఆ ఊదారంగు శాలువా వాడు నాలుగు కొట్లు తిరిగి ఏరాడన్నావు.”

“నేనే కొన్నాను, అత్తయ్యా.”

“నా చేతి పచ్చడి లేనిదే ముద్ద దిగదన్నాడన్నావు.”

“అదీ నేనే.”

“మీ మావయ్య పోయినప్పుడు వాడు స్నానాల గదిలో కూర్చుని ఏడ్చాడన్నావు.”

“అది నిజం. అది మాత్రం ఆయనే.”

అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకున్నారు. ఈమె చాలా పెద్ద తిట్టు కోసం ఎదురుచూసింది. పెద్దావిడ ముందు మూతి బిగించి, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. “ఇన్ని అబద్ధాలాడితే నోరు నొప్పి పుట్టలేదటే?”

“పుట్టింది.”

“అయితే ఇన్నేళ్ళూ నాతో అంత ప్రేమగా మాట్లాడింది నువ్వన్నమాట” అన్నారు అత్తగారు. ఇంకేమీ అనకుండా లేచి, గోడ పట్టుకుని, తన గదికి వెళ్ళిపోయారు. ఈమె స్టవ్ ముందు నిలబడి ఏడ్చింది. దుఃఖం కాదు అది. చాలా దూరం మోసిన మూట దించినప్పుడు చేతులు వణుకుతాయే, అలాంటిది.

ఆయన రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. మూడో రోజు, “నన్ను అందరి ముందూ అలా చేస్తావా?” అన్నాడు. ఆమె సంజాయిషీ చెప్పలేదు, బుజ్జగించనూ లేదు. తను దాచిపెట్టడం తప్పేననీ, ఇక దాచననీ మాత్రం చెప్పింది. తనకి పెద్ద పనేమీ లేదన్న మాట తనని బాధపెట్టిందని కూడా చెప్పింది. అంత సూటి మాట ఆమె నోట ఆయన మొదటిసారి విన్నాడు. “సరే” అన్నాడు. ఆ మాట అక్కడితో అయిపోయింది.

నెలాఖరుకి సూపర్వైజరు దగ్గర్నుంచి ఉద్యోగం ఖాయమైందని ఉత్తరం వచ్చింది. ఆ సాయంత్రమే, ఆమె ఆఖరి కాల్ ముగించుకుని టీ పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి ఆయన సోఫాకి ఈ చివర కూర్చుని ఉన్నాడు. అత్తగారు తన గదిలో కాలు చాపి వ్యాయామం చేస్తున్నారు. తలుపు తీసే ఉంది.

“అమ్మకి చెప్పు” అన్నాడాయన, ఫోనులోంచి తల ఎత్తకుండానే. “శనివారం వ్యాయామానికి నేను తీసుకెళతాననీ, వచ్చేటప్పుడు ఆ బెంచీ దగ్గర దింపుతాననీ.”

మంచి మాటే. తోమాల్సిన పని కూడా లేదు, ఉన్నదున్నట్టు పట్టుకెళ్ళి ఇచ్చేస్తే అందరికీ ఆనందమే. కాళ్ళు అలవాటుగా రెండడుగులు వేశాయి కూడా. ఆమె ఆగి, వెనక్కి వచ్చి, సోఫాలో ఆ చివర కూర్చుని కాళ్ళు పైకి పెట్టుకుంది.

“మీరే చెప్పండి” అంది. “ఇంట్లో ఆ పని మానేశాను.”

ఆయన ఫోను పక్కన పెట్టాడు. లేచి, తల్లి గది గుమ్మం దాకా నడిచి, అక్కడ కొత్త పెళ్ళికొడుకులా నిలబడిపోయాడు. గొంతు సవరించుకున్నాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, సాయం చెయ్యమన్నట్టు వెనక్కి తిరిగి భార్య వైపు చూశాడు. ఆమె టీ ఇంకా వేడిగానే ఉంది. ఊదుకుంటూ ఒక గుక్క తాగింది.

“అటేం చూస్తావురా?” అన్నారు లోపల్నుంచి అత్తగారు. “ఇటు చూసి చెప్పు.”